ముప్పై అయిదో అంకె

"అంటే ఈ ఇంట్లో ముందు దుంగకి స్నానం, ఆ తర్వాతే మనుషులకా?" ట్రూడీ తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గది గుమ్మంలో నిలబడి అరిచింది. "ఇవాళ్టికి మూడో రోజమ్మా! శనివారం డాన్సుకి నేను ఆవుల కంపుతోనే వెళ్ళాలన్నమాట."

"ఆ కంపు భరించేవాడే నీకు సరైన మొగుడు," అన్నాడు తాత హోరీ, వంటింట్లో పొయ్యి పక్కనున్న కుర్చీలోంచి కదలకుండానే.

"మీరు ఊరుకోండి మామయ్యా," అంది నెరిడా. ఆమె చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. "దాన్ని పశువుల గుంటలో వెయ్యమని సోమవారమే చెప్పాను. అక్కడ చల్లగా మునిగి ఉండేది, ఇక్కడ మనమూ నాలుగు చెంబులు పోసుకునేవాళ్ళం."

"గుంటలో బురద ఉంటుందమ్మాయ్. బురదలో ఇసక ఉంటుంది. ఒక్క ఇసక రేణువు బెరడులో ఇరుక్కుందంటే చాలు, గొడ్డలి అంచు పన్నూడినట్టు ఊడిపోతుంది. నలభై ఏళ్ళు నరికినవాణ్ణి, నాకు చెప్తావా?"

"ఆ నలభై ఏళ్ళూ అత్తయ్య మీ దుంగల్ని స్నానాల తొట్టిలో పెట్టనిచ్చిందా?"

"మాకు తొట్టెక్కడిది!" అన్నాడు ముసలాయన, ఆ ఒక్క మాటతో వాదన గెలిచినట్టు.

ట్రూడీ కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ బకెట్టు వెతుక్కోవడానికి వెళ్ళింది. పచ్చి దుంగ ఎండితే పగుళ్ళు వస్తాయి, పగిలిన దుంగ మీద చేసే సాధన సాధనే కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. నిజానికి నెరిడా కోపం తొట్టి గురించి కాదు. అది ఆమెకీ తెలుసు, వంటింటి కిటికీకి అవతల ఉన్న మనిషికీ తెలుసు.

కిటికీ అవతల ఆమె మొగుడు ఆల్బీ, వట్టి కాళ్ళతో, పడుకోబెట్టిన గుండ్రటి దుంగ మీద నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు బకెట్లు, వాటి నిండా తడి ఇసక. కదలడం లేదు. కళ్ళు మూసుకున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి, పాలు పితికి పితికి చిన్న చెట్టు మొదలంత లావైన మణికట్లు. ఎడమ పాదానికి చివరి రెండు వేళ్ళు లేవు. దుంగ అటూ ఇటూ ఒక వెంట్రుకవాసి దొర్లినప్పుడల్లా, ఆ లేని వేళ్ళతో పట్టుకోబోయి, పట్టు దొరక్క, పిక్క బిగిసేది. ఆయన పడేవాడు. లేచేవాడు. బకెట్లు నింపుకుని మళ్ళీ ఎక్కేవాడు. కిందటి చలికాలం నుంచీ ఇదే వరస.

ఆ వేళ్ళు పోయింది కిందటేడు రెడ్‌గేట్ ఊరి షోలో.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో, ఆ ఉత్తరపు తీరంలో, షో అంటే ఏటా జరిగే రైతుల సంబరం; జనం ఆవుల్ని చూస్తారు, బంగాళదుంపల్ని చూస్తారు, కేకుల్ని చూస్తారు. కానీ వచ్చేది మాత్రం గొడ్డళ్ళ కోసం. ఒక పోటీలో దుంగని నిలబెట్టి నరుకుతారు. ఇంకొక దాంట్లో పడుకోబెట్టి, దాని మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, తమ రెండు పాదాల మధ్యనే నరుక్కోవాలి. సగం తెగాక దుంగ మీదే వెనక్కి తిరిగి రెండో వైపు నరకాలి. ఆల్బీకి ఆ రెండోదే ప్రాణం. కిందటేడు ఆ తిరగడంలోనే పాదం జారింది.

నెరిడా అది చూడలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె మొగుడు పోటీలో నరకడం ఒక్కసారి కూడా చూడలేదు. షో రోజున ఊళ్ళో ఆడవాళ్ళందరికీ టీ గుడారంలో పని. నాలుగు వందల మందికి టీ కాచాలి, స్కోన్లనే చిన్న రొట్టెలు కోసి వెన్న రాయాలి. ఆమెకి తెలిసినదంతా రెండే రెండు దారుల్లో తెలిసింది. ఒకటి బట్టలుతకడం. తెల్ల పంట్లాం, తెల్ల బనీను లేకుండా పోటీలోకి రానివ్వరు, వాటి జిగురు మరకలు వదిలించడం ఆమె పని. రెండోది చెవి. అందరి గొడ్డళ్ళూ టక్కు టక్కు మంటే ఆల్బీది మాత్రం బరువైన తలుపు మూసినట్టు దబ్బుమనేది. ఆ చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటూ వెన్న రాసేది. ఆఖరి దబ్బు తర్వాత దుంగ విరిగిన చిటపటలు, వెంటనే జనం కేకలు. అప్పుడు ఆయన కోసం ఒక కప్పు పక్కన పెట్టేది.

కిందటేడు ఆ చప్పుడు మధ్యలో ఆగిపోయింది. దుంగ విరగలేదు. జనం అరవలేదు. వెన్న కత్తి చేతిలో పట్టుకుని ఆమె ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియదు. అప్పటి నుంచీ ఇంట్లో ఏ చప్పుడు అర్ధాంతరంగా ఆగినా, రేడియో అయినా, పాలబిందె అయినా, ఆమె చేతిలో పని వదిలేసి కిటికీలోంచి చూస్తుంది.

"ఇంకొక్క షో," అన్నాడు ఆల్బీ, కట్టు విప్పిన రోజున.

"ఒక్కటే," అంది నెరిడా. "ఆ తర్వాత గొడ్డళ్ళ పెట్టె కింద ఉండాలా, అటకెక్కాలా అన్నది నేను చెప్తాను. నేను చెప్పాక మళ్ళీ మాట ఉండకూడదు. మీ నాన్న కూడా నోరెత్తకూడదు."

"సరే."

"మామయ్యా, విన్నారుగా?"

"చెవిటివాణ్ణి కాదుగా," అన్నాడు హోరీ దిగులుగా.

ఏం చెప్పాలో ఆమె ఆ రోజే అనుకుంది. అటక మీద జామ్ సీసాలు ఒక పక్కకి జరిపి, పెట్టె పొడవుకి సరిపడా చోటు కూడా చేసి పెట్టింది.

మధ్యాహ్నం ట్రూడీ తపాలా తీసుకొచ్చింది. తడి జుట్టు, ముఖంలో ఇంకా చిరాకు. "క్లారీ మామ రాసిన కార్డు. నాన్న అంకె వచ్చింది."

ఆ కార్డు కోసం ఆ తీరంలో గొడ్డలి పట్టిన ప్రతి ఇల్లూ ఎదురుచూస్తుంది. పోటీలో అందరూ ఒక్కసారి మొదలుపెట్టరు. పక్కన నిలబడ్డ మనిషి ఒకడు గట్టిగా లెక్కపెడతాడు, ఒకటి, రెండు, మూడు అని. కొత్తవాడు మూడు అనగానే మొదలుపెడతాడు. కాస్త నేర్చినవాడు పదికి. గొప్పవాడు అందరూ సగం నరికేదాకా గొడ్డలి పట్టుకుని ఊరికే నిలబడి, తన అంకె వచ్చాక ఎత్తాలి. ఎవరి అంకె ఎంత పెద్దదైతే వాడు అంత మొనగాడు. ఎవరికి ఏ అంకె ఇవ్వాలో తేల్చేది క్లారీ మంటింగ్ అనే పెద్దాయన. తొమ్మిదేళ్ళుగా ఆల్బీ అంకె ముప్పై అయిదు. దీవి మొత్తం మీద అంతకంటే పెద్ద అంకె లేదు. సంతలో కూడా "ఏం ముప్పై అయిదూ, ఆవులు బాగున్నాయా?" అని పలకరించేవాళ్ళు.

హోరీ కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"పన్నెండు," అన్నాడు. "పన్నెండట! నా కొడుక్కి! పాలుతాగే పసివాళ్ళ పక్కన నిలబెడతాడా? క్లారీ తమ్ముడికి గొడ్డలి పట్టడం నేర్పింది నేను! ఆ క్లారీ గాడి..."

"మామయ్యా, పిల్ల ఉంది."

"పిల్లకి పదిహేడొచ్చాయి, ఇంతకంటే చెడ్డ మాటలు దానికే తెలుసు."

ఆల్బీ కార్డు తీసుకుని చదివాడు. జాలిపడి ఇచ్చిన అంకె అని అందులో రాయనక్కర్లేదు. దాన్ని రెండుగా మడిచి టీ డబ్బా కింద పెట్టి, పాలు పితకడానికి వెళ్ళిపోయాడు. ఆ పన్నెండు చూసి ఆ ఇంట్లో హాయిగా ఊపిరి పీల్చుకున్నది నెరిడా ఒక్కతే. ముప్పై అయిదు నుంచి తరుముకుంటూ రావాలనే కదా కిందటేడు ఆయన ఆ తడి దుంగ మీద అంత వేగంగా తిరిగింది.

మిగిలిన పది రోజులూ హోరీ కొడుకుని నలిపేశాడు. పొద్దున్నే తడి దుంగ భుజాన పెట్టించి కొండ మీద మేత పొలం దాకా నడిపించేవాడు, తను కర్ర పట్టుకుని వెనకాలే ఆయాసపడుతూ. తర్వాత మోడు మీద బొగ్గుతో ఒక సన్నటి గీత గీసి, పాత బరువు గొడ్డలితో ఆ గీత మీదే పది దెబ్బలు కొట్టమనేవాడు.

"పట్నంలో వ్యాయామశాల పెట్టారు తాతా," అంది ట్రూడీ ఒకసారి. "ఇనుప బరువులు ఎత్తుతారు. అద్దాలు కూడా ఉన్నాయట."

"ఇనుము ఊరికే పడి ఉంటుంది. చెట్టు ఎదురు తిరుగుతుంది. అద్దంలో చూసుకుంటూ నరికితే వేళ్ళు కాదు, కాలే పోతుంది," అని హోరీ నాలిక్కరుచుకున్నాడు.

నెరిడా బట్టలు ఆరేయడానికని వెళ్ళి ఆ మోడు చూసింది. పది దెబ్బలు కొట్టినా ఒక్కటే గాటు ఉంది. అందులో వేలు పెట్టి చూసింది. లోపల నున్నగా, కత్తితో కోసిన వెన్నలా ఉంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఇంకోసారి పెట్టి చూసింది.

షో రోజున ఎండ బాగా కాసింది. మూడింటికి టీ గుడారం కిటకిటలాడుతోంది. "ఎక్కండి మీ మీ దుంగలు!" అన్న కేక వినిపించింది. నెరిడా చేతిలో స్కోను ఆగింది. పక్కన పనిచేస్తున్న ఐవీ రెండు టీ కెటిళ్ళు ఒకేసారి వంచుతూ, "వెళ్ళవే," అంది. "ఈసారి కూడా ఇక్కడే నిలబడి వింటే ఈ వెన్నంతా నువ్వే పాడుచేస్తావు. వెళ్ళు."

ఆమె తుడుపు గుడ్డ చేతిలో అలాగే పట్టుకుని నడిచింది. పోటీ స్థలం చుట్టూ కట్టిన తాడు దగ్గర హోరీ కర్రతో జనాన్ని పొడిచి ఆమెకి చోటు చేశాడు.

ఏడుగురు. ఏడు దుంగలు. ఆల్బీ చివరి దాని మీద ఉన్నాడు. ఎడమ బూటు ముందు భాగంలో ఆమె దువ్వి కుక్కిన గొర్రె ఊలు ఉంది. పంట్లాం అంచున కిందటేటి మరక, మూడుసార్లు ఉడకబెట్టినా పూర్తిగా పోలేదు. ఎండలో లేత గోధుమ రంగులో కనిపిస్తోంది. గొడ్డలి అంచు దుంగ మీద ఆనించి, తలవంచి నిలబడ్డాడు.

"ఒకటి. రెండు. మూడు."

ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టారు. ఎనిమిదికి ఎర్ర జుట్టు లేన్, పక్క లోయ మనిషి. పది. పదకొండు.

"పన్నెండు."

ఆల్బీ కదల్లేదు.

"వినపడలేదేమో," అన్నారెవరో. "ఏయ్ ఆల్బీ! పన్నెండయ్యా!" పదమూడు. పధ్నాలుగు. నెరిడా గుడ్డని రెండు చేతులా మెలిపెట్టింది. ఆయన తల ఎత్తలేదు. ఈగ వాలినప్పుడు ఆవు చర్మం వణికినట్టు ఎడమ పిక్క వణకడం ఆమెకి కనిపించింది. అంత దూరంలోంచి ఇంకెవరికీ కనిపించి ఉండదు. పద్దెనిమిది. పందొమ్మిది.

అప్పుడు హోరీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముసలి చేతిలో అంత బలం ఇంకా ఉందని ఆమె అనుకోలేదు. "చూడమ్మాయ్," అన్నాడు. "చూడు నా కొడుకుని! ఆగాడు. క్లారీ గాడి జాలి వాడి మొహానే కొట్టాడు. వాడి అంకె కోసం ఆగాడు!"

ఆ మాట తాడు పొడుగునా పాకింది. గడ్డికి నిప్పంటుకున్నట్టు కాదు, నీళ్ళు ఇంకినట్టు, చప్పుడు లేకుండా. ఒక్కొక్కరే మాటలాపారు. ఐస్‌క్రీం బండి గంట ఆగింది. ఆరు గొడ్డళ్ళ చప్పుడు, ఆ లెక్క, అంతే. పక్కవాళ్ళ దుంగల నుంచి తెల్లటి చెక్కలు ఎగిరి ఆయన బూట్ల మీద పడుతున్నాయి. ఇరవై ఎనిమిది. మొదటి కుర్రాడు అప్పుడే రెండో వైపు తిరిగాడు. ముప్పై. జనంలో ఎవరో లెక్కలో గొంతు కలిపారు, మెల్లగా. ముప్పై ఒకటి. ఇంకొందరు. ముప్పై మూడుకి మొత్తం జనం ఒక్క గొంతుతో, చర్చిలో ప్రార్థనలా అంటున్నారు. నెరిడా పెదాలు కూడా కదులుతున్నాయి.

"ముప్పై అయిదు."

గొడ్డలి లేచింది.

ఇరవై రెండేళ్ళుగా విన్న చప్పుడు ఎలా పుడుతుందో ఆమె అప్పుడు చూసింది. చేతులతో కాదు. మడమల దగ్గర మొదలై, పిక్కల్లోంచి, నడుములోంచి, వీపు మీదుగా అలలాగా పైకొచ్చి, గొడ్డలి ఆకాశంలో ఒక్క క్షణం ఊరికే నిలబడి, అప్పుడు దిగేది. దబ్బుమనేది. పళ్ళెమంత చెక్క ఊడి ఎగిరేది. తను రోజూ అన్నం పెట్టే మనిషి, సాక్స్ ఎక్కడున్నాయో వెతుక్కోలేని మనిషి, ఇతనేనా? ప్రతి దెబ్బా కిందటి దెబ్బ పక్కన, దాన్ని ముట్టుకుంటూ పడుతోంది. ఆ అంచుకీ బూటుకీ మధ్య ఆమె అరచేతి వెడల్పు కూడా లేదు. దుంగ ఊగిపోతోంది, అతను ఊగడం లేదు.

సగం తెగింది. తిరగాలి.

నెరిడా కళ్ళు మూసుకోలేదు. మూసుకోకూడదని మొండిగా తెరిచే ఉంచింది. కుడికాలు లేచింది. మిగిలిన ఆ మూడు వేళ్ళ పాదం మీద మనిషి మొత్తం బరువు నిలబడింది. గిర్రున తిరిగాడు. నిలిచాడు. దబ్బు.

జనం అరుపులో ఇక ఏ చప్పుడూ విడిగా వినపడలేదు. ఎర్ర జుట్టు లేన్ దుంగ ముందు విరిగింది. ఒక్క దెబ్బ తర్వాత, ఒకే ఒక్క దెబ్బ తర్వాత, ఆల్బీది విరిగింది. పన్నెండుకే మొదలుపెట్టి ఉంటే, అందరూ పూర్తిచేసేలోగా టీ తాగి వచ్చేవాడు. గెలిచిన లేన్ వైపు ఎవరూ చూడలేదు. లేన్ కూడా తన వైపు చూసుకోలేదు. గొడ్డలి కింద పెట్టి ఆల్బీ దగ్గరికి నడిచాడు. క్లారీ మంటింగ్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

బండి దగ్గర, జనం వదిలాక, ఆల్బీ అడుగుపలక మీద కూర్చున్నాడు. నెరిడా మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ బూటు లేసు విప్పింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"నేను ఆగలేదు నెరిడా," అన్నాడాయన.

ఆమె తలెత్తింది.

"పన్నెండు వినపడింది. కదులుదామనుకున్నా. కాలు రాలేదు. అది నా కాలే కానట్టుంది. తెల్ల పంట్లాం మీద రక్తం, అదే కళ్ళముందు. పదిహేను, ఇరవై... దిగిపోదామనుకున్నా. దిగడానిక్కూడా కాలు రాలేదు."

"మరి ముప్పై అయిదుకి?"

"ఏమో. తొమ్మిదేళ్ళుగా ఒళ్ళు విన్న అంకె. వినపడగానే చేతులు లేచాయి. నేను లేపలేదు." ఊలు తీసి, నలిగిన పాదాన్ని అరచేతిలో పట్టుకుని కూర్చున్న పెళ్ళాం వంక చూశాడు. "సరేలే. నువ్వేం చెప్తావో తెలుసు. అటకేగా? చెప్పెయ్."

"ఇంటికెళ్ళాక చెప్తాను. మీ నాన్న కూడా వినాలిగా."

ఆమె పాదం వెంటనే వదల్లేదు. ఇతనికి భయం లేదనుకుని ఇన్నేళ్ళూ తను ఒక్కతే ఇద్దరి వంతు భయమూ మోసింది. ఇప్పుడు ఆ మనిషి, దిగడానికి కూడా కాలు రానంత భయంతో, అదే దుంగ మీద, అదే పాదం మీద గిర్రున తిరిగాడు. జనం చూసి మురిసిపోయిన దానికంటే ఇది చాలా పెద్దది. ఇది చూసింది తనొక్కతే.

ఇంట్లో ఇంకా పొద్దు పూర్తిగా వాలకముందే భోజనాలకి కూర్చున్నారు. కాల్చిన గొర్రె మాంసం, బంగాళదుంపలు, గుమ్మడికాయ. హోరీ మూడోసారి కథ చెప్తున్నాడు. ఈసారి క్లారీ ఏడ్చాడు కూడా.

"ఏడవలేదు తాతా, టోపీ తీశాడంతే," అంది ట్రూడీ.

"లోపల ఏడ్చాడు. నాకు తెలుసు. ఇరవై మూడు అంకెలు! ఊరికే వదిలేశాడు నా కొడుకు, పొగరుతో!"

ఆల్బీ ఫోర్కు కింద పెట్టాడు. "పొగరు కాదు నాన్నా. కాలు రాలేదు. భయమేసింది."

పొయ్యిలో కట్టె చిటపటమంది. హోరీ బల్ల మీద తన చేతుల వంక చూసుకున్నాడు. "నాకూ ఒకసారి..." అని, "మీ అమ్మకి కూడా చెప్పలేదు," అన్నాడు.

తర్వాత ముగ్గురూ నెరిడా వైపు తిరిగారు. ట్రూడీ కూడా నమలడం ఆపింది. గొడ్డళ్ళ పెట్టె గుమ్మం పక్కనే, బండిలోంచి దించినచోటే ఉంది.

నెరిడా తన పళ్ళెంలోకి గుమ్మడి ముక్క వడ్డించుకుంది.

"పెట్టె కిందే ఉంటుంది," అంది, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. "వచ్చే ఏడు క్లారీ ఇచ్చిన అంకెకే మొదలుపెడతావు. పన్నెండంటే పన్నెండు. ముప్పై అయిదు నుంచి ఎవర్నీ తరమక్కర్లేదు. టీ గుడారానికి ఇంకో మనిషిని చూసుకోమని ఐవీకి చెప్పి వచ్చాను. పన్నెండు అన్నప్పుడు నేను తాడు దగ్గరే ఉంటాను. కాలు రాకపోతే నా వైపు చూడు."

ఆల్బీ తల ఊపాడు.

"దుంగ మాత్రం గుంటలోనే నానుతుంది," అంది నెరిడా. హోరీ ఊపిరి పీల్చుకుని ఏదో అనబోయాడు. "ఇసకంటారా మామయ్యా, బ్రష్షు ఇస్తాను. తోముకోండి."